రూపకం వస్తే మెటాఫర్ వచ్చినట్టేనా? ఇంగ్లీషు సాహిత్య పదాలు నేర్చుకునే పద్ధతి

బి.ఏ. ఇంగ్లీషు మొదటి ఏడాదిలో, మొదటి ఇంటర్నల్‌లో నాకు యాభైకి పదకొండు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, చెన్నైలో ఒక కాలేజీలో చేరినవాణ్ణి. పద్యం ఇచ్చి విశ్లేషించమన్నారు. దొరికిన సిమిలీనల్లా, మెటాఫర్‌నల్లా గీత గీసి చూపించాను. మేడమ్ ఎర్ర సిరాతో పక్కన రాసింది రెండే ముక్కలు: పేరు చెప్పావు, అయితే ఏంటి?

ఆ "అయితే ఏంటి" నన్ను మూడేళ్ళు వెంటాడింది. ఇప్పుడు పెరంబూరులో మా మేడ మీద శని, ఆదివారాలు ఐదారుగురు పిల్లలకు ఇవే పాఠాలు చెబుతున్నాను. సూళ్ళూరుపేట, తడ వైపు నుంచి లోకల్ ట్రెయిన్‌లో వచ్చేవాళ్ళు కొందరు. ఇక్కడే పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఇద్దరు. అందరికీ ఉన్న జబ్బు ఒక్కటే: ఇంగ్లీషు పదానికి పక్కన ఒక తెలుగు పదం రాసుకుని, పని అయిపోయిందనుకోవడం. మెటాఫర్ అంటే రూపకం. రైమ్ అంటే ప్రాస. సెజూరా అంటే యతి. ఈ మూడింట్లో ఒక్కటి కూడా పూర్తిగా సరిపోదు. అలాగని మన అలంకారాలను పక్కన పెట్టేయమనీ అనను. పదో తరగతిలో నేర్చుకున్న అలంకారాలు, గణాలు మనకు పెద్ద పెట్టుబడి. ఎక్కడిదాకా సరిపోతాయో, ఎక్కడ సరిపోవో తెలిస్తే చాలు. కింద రాసిందంతా ఆ హద్దులు గీయడం గురించే.

ముందు జాబితాను చిన్నది చేయండి

దొరికిన ఐదొందల పదాల పట్టీని ఫోన్‌లో దాచుకుని ఎ నుంచి మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువ. నేనూ అలాగే మొదలుపెట్టి, ఆ జాబితాలో అలిగరీ దగ్గరే నిద్రపోయాను. అలా వద్దు. మీ సిలబస్, గత మూడు నాలుగేళ్ళ ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, వాటిలో కనిపించిన పదాలే ఏరండి. మొదటి ఏడాదికి యాభై, అరవై దాటవు.

అర్థం కోసం మామూలు ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ తెరవకండి. బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లో ఈ మద్రాసులోనే అచ్చు వేయించాడు, ఆయనంటే నాకు గౌరవమే. కానీ నిఘంటువు మాటకు మాట ఇస్తుంది, పారిభాషిక పదానికి కావలసింది హద్దులు. ఎం.హెచ్. ఏబ్రమ్స్ రాసిన సాహిత్య పదాల గ్లాసరీ 1957 నుంచి విద్యార్థుల చేతుల్లో నలుగుతున్నది ఇందుకే. ఒక్కో పదానికి చిన్న వ్యాసంలా ఉంటుంది, పక్క పదంతో తేడా కూడా చెబుతుంది. కొనలేకపోతే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896 నాటిది. కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయం ఉంది. నా ఓటు రెండోదానికి, కూర్చోడానికి చోటు ఎక్కువ, చల్లగా ఉంటుంది.

పదానికో కార్డు

పోస్టుకార్డంత అట్టముక్కలు కత్తిరించుకోండి. ముందు వైపు పదం ఒక్కటే రాయండి. వెనక వైపు ఐదు విషయాలు రాయాలి. పలికే తీరు తెలుగు లిపిలో. మీ మాటల్లో ఒక వాక్యం. మీ ఇంట్లోదో, వీధిలోదో ఒక ఉదాహరణ. మీ సిలబస్ పుస్తకం నుంచి ఒక ఉదాహరణ. చివరగా, దీన్ని ఏ పదంతో పొరపడతానో దాని పేరు. దీన్ని నేను పక్కింటి గడి అంటాను. మార్కులు పోయేదంతా ఇక్కడే కాబట్టి ఐదింటిలో ముఖ్యమైనది ఇదే. మెటానిమీ కార్డు మీద సినెక్డకీ పేరు లేకపోతే ఆ కార్డు సగమే అయినట్టు.

పలికే తీరు ఎందుకంటారా? సెమినార్‌లో నిలబడి హైపర్‌బోల్ అన్నాను నేను. హైపర్బలీ అనాలి. వెనక బెంచీ నవ్వింది. సినెక్డకీ, మెటానిమీ, సాలిలక్వీ, కథార్సిస్, మోటీఫ్, జాన్ర, డేనూమాఁ... ఇవి గ్రీకు, లాటిన్, ఫ్రెంచి నుంచి వచ్చినవి, స్పెల్లింగును నమ్మితే ముంచుతాయి. ఎంత ముక్కు పలుకునైనా మన అరసున్నా పట్టుకుంటుంది, వాడుకోండి.

ఉపమ దగ్గర మొదలుపెట్టండి

సిమిలీకి ఉపమ దాదాపు అచ్చంగా సరిపోతుంది. పైగా ఉపమకు మనవాళ్ళు చెప్పిన నాలుగు భాగాలు ఇంగ్లీషు క్లాసులో బంగారం. ఉపమేయం (మనం పోల్చేది), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సమానధర్మం (రెండింటికీ ఉన్న పోలిక), ఉపమావాచకం (లాగా, వలె లాంటి మాట). ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో టెనర్, వెహికల్ అనే పేర్లు పెట్టి ఇంగ్లీషు విమర్శలో తెచ్చిన విభజన మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే. టెనర్ అంటే ఉపమేయం, వెహికల్ అంటే ఉపమానం, గ్రౌండ్ అంటే సమానధర్మం. మా దగ్గరకు వచ్చే సూళ్ళూరుపేట అమ్మాయి ఇది విన్నాక "ఇంతేనా సార్? టెన్త్‌లో రాశాంగా!" అంది. అవును, ఇంతే.

మెటాఫర్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. రూపకాలంకారంలో ఉపమేయం, ఉపమానం రెండూ కనిపిస్తాయి, రెండింటికీ భేదం లేనట్టు చెబుతాం. "ఆమె ముఖం చందమామ" అంటే రూపకం. మరి ఆమె వస్తుంటే "అదుగో, చందమామ మెట్లెక్కి వస్తోంది" అన్నామనుకోండి. ముఖం మాటే లేదు, ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. మన శాస్త్రం దీన్ని రూపకం అనదు, అతిశయోక్తిలో ఒక రకం కింద వేస్తుంది, రూపకాతిశయోక్తి అంటుంది. ఇంగ్లీషులో రెండూ మెటాఫరే. అంటే మెటాఫర్ మన రూపకం కంటే పెద్ద గది. రూపకం అని మాత్రమే గుర్తుపెట్టుకున్న విద్యార్థికి, ఉపమేయం పైకి కనిపించని మెటాఫర్లన్నీ పద్యంలో కనబడకుండా పోతాయి. నాకు పోయినవి అవే. అన్నట్టు, రూపకం అంటే నాటకం అని కూడా అర్థం ఉంది కదా, దశరూపకాలు అంటాం. కార్డు మీద ఏ రూపకమో రాసుకోండి.

క్రియల్లో దాగిన మెటాఫర్లు ఇంకా జారిపోతాయి. "ధరలు మండిపోతున్నాయి" అన్నప్పుడు నిప్పు అనే మాట ఎక్కడా లేదు, మండడంలోనే ఉంది. పద్యం చేతికి రాగానే ముందు క్రియలకు గీత గీయండి. నామవాచకాల కోసం వెతికేవాళ్ళే ఎక్కువ, అందుకే మీరు క్రియల నుంచి మొదలుపెడితే ఎవరికీ దొరకనిది దొరుకుతుంది.

మెటానిమీ, సినెక్డకీ ఈ రెండింటికీ చెన్నై మంచి బడి. తమిళనాడు సచివాలయం సెయింట్ జార్జి కోటలో ఉంది. అందుకే ఇక్కడ ఎన్నికలప్పుడు "కోట ఎవరిది?" అంటే ప్రభుత్వం ఎవరిదని అర్థం. కోట ప్రభుత్వంలో ముక్క కాదు, ప్రభుత్వానికి ఆనుకుని ఉన్న చోటు. అది మెటానిమీ. మన పెద్దవాళ్ళు "వాడు కోడంబాక్కం వెళ్ళిపోయాడు" అంటే సినిమాల్లో చేరాడని అర్థం, సినిమా స్టూడియోలకు పేరుపడ్డ పేట అది. అదీ మెటానిమీయే. "తలకు వంద వేసుకుందాం" అన్నప్పుడు తల మనిషిలో భాగం. "ఇంట్లో ఐదు నోళ్ళున్నాయి" అన్నప్పుడు నోరూ అంతే. భాగం మొత్తానికి బదులు వచ్చింది కాబట్టి ఇది సినెక్డకీ. పరీక్ష హాల్లో సందేహం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది దానిలో ముక్కా, దాని పక్కనున్నదా? మన శాస్త్రంలో లక్షణ అనే అర్థవృత్తి చదివినవాళ్ళకు ఇది తేలిగ్గా పడుతుంది. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అనే పాత ఉదాహరణ కూడా పక్కనున్నదాని తంతే.

వ్యంగ్యం అనే ఒక్క మాటతో పని కాదు

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఐరనీ, సార్కాజం, సెటైర్ మూడింటి పక్కనా వ్యంగ్యం అని రాసుకుంటారు. నా మొదటి నోట్‌బుక్‌లో కూడా అంతే ఉంది.

గంట ఆలస్యంగా వచ్చినవాడితో "ఎంత తొందరగా వచ్చావయ్యా!" అంటే మాట ఒకటి, భావం దానికి ఎదురు. అది వెర్బల్ ఐరనీ. పొగిడినట్టే తిట్టే మన వ్యాజస్తుతికి దగ్గర చుట్టం. అదే మాట ఎదుటివాణ్ణి గుచ్చడానికే అంటే సార్కాజం. సెటైర్ ఒక వాక్యం కాదు, ఒక రచన పెట్టుకున్న పని. లోకంలో తప్పును నవ్వుల పాలు చేయడం దాని ఉద్దేశం, ఐరనీ అందుకు వాడే పనిముట్టు. దొంగలొస్తారని తాళం చెవి పక్కింట్లో ఇస్తే, దోచింది ఆ పక్కింటివాడే అయితే సిచువేషనల్ ఐరనీ. పరీక్ష రోజే వాన పడితే మాత్రం ఐరనీ కాదు, అది ఖర్మ. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ పొరపడతారు కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

డ్రమాటిక్ ఐరనీకి విరాటపర్వం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. సైరంధ్రి ఎవరో మనకు తెలుసు, కీచకుడికి తెలియదు. రాత్రి నర్తనశాలలో చీకట్లో తన కోసం కాచుకున్నది ఎవరో మనకు తెలుసు, వాడు అత్తరు పూసుకుని వస్తున్నాడు. వాడు అనే ప్రతి మురిపెం మాటా మన చెవికి ఇంకోలా వినిపిస్తుంది. చూసేవాడికి తెలిసింది పాత్రకు తెలియకపోవడం వల్ల మాటకు రెండో అర్థం పుట్టడం, అదే డ్రమాటిక్ ఐరనీ. వీధి నాటకం చూసిన ప్రతి తాతకూ ఇది తెలుసు, పేరు తెలియదంతే.

చెవికి సంబంధించినవి: తెలుగు లిపిలో రాసి చూడండి

ఇది నేను పిల్లలకు చెప్పే చిట్కాల్లో బాగా పనిచేసేది. అలిటరేషన్ అంటే శబ్దం తిరిగి రావడం, అక్షరం కాదు. సిటీ, కార్ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి, కానీ అలిటరేషన్ కాదు. ఫోన్, ఫ్యాన్ వేరే అక్షరాలతో మొదలైనా అలిటరేషన్ అవుతాయి. పద్య పాదాన్ని తెలుగు లిపిలో ఒకసారి రాసుకుంటే స్పెల్లింగు వేషమంతా ఊడిపోయి, శబ్దం బయటపడుతుంది. మన లిపి విన్నది విన్నట్టు రాస్తుంది కదా.

ఐ రైమ్ అనేది కూడా అలాగే తెలుస్తుంది. లవ్, మూవ్ స్పెల్లింగులో చివరి మూడు అక్షరాలు ఒకటే, పలికితే కలవవు. కంటికి మాత్రమే ప్రాస. తెలుగులో ఇలాంటిది పుట్టే అవకాశమే తక్కువ కనుక మనవాళ్ళకు ఈ పదం వింతగా ఉంటుంది.

ఇక రైమ్ అంటే ప్రాస అనే పొరపాటు. తెలుగు పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం. ఇంగ్లీషు రైమ్ పాదం చివర ఉంటుంది, కాబట్టి దానికి సరిజోడు అంత్యప్రాస. సెజూరా ఇంకా ప్రమాదం. సంస్కృతంలో యతి అంటే విరామమే, సెజూరాకు దగ్గరే. కానీ తెలుగు పద్యంలో యతి అంటే అక్షరమైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం మొదటి అక్షరంతో చెలిమి చేయాలి, అక్కడ ఆగాలని నియమం లేదు. సెజూరా వట్టి ఆగడం. ఒక పిల్లవాడు సెజూరా అని రాసి, పాదం మధ్యలో మొదటి అక్షరంతో కలిసే శబ్దం కోసం పది నిమిషాలు వెతికాడు, పాపం.

ఓనొమాటోపియాకు మనకు కొదవ లేదు: గలగల, చిటపట, దభేలున. అయితే తళతళ, మిలమిల దీనిలోకి రావు. వెలుగుకు చప్పుడు ఉండదు. రిఫ్రెయిన్ అంటే శతకంలో మకుటం, పాటలో పల్లవి. అపాస్ట్రఫీ అంటే స్పెల్లింగులో వచ్చే కొమ్ము గుర్తు కాదు, ఎదురుగా లేనివాణ్ణో, మాట్లాడలేని వస్తువునో పిలిచి మాట్లాడటం. "ఓ వానా, కాస్త ఆగవే" అన్నది అపాస్ట్రఫీ.

మీటర్: గణాలు తెలిసినవాళ్ళకే ఎక్కువ గోతులు

గణాల సూత్రం యమాతారాజభానసలగం బట్టీ పట్టినవాళ్ళు మీటర్ (పద్యం కొలత) అంటే భయపడకూడదు. అయాంబ్ ఆకారం మన వగణం, అంటే లఘువు, గురువు. ట్రోకీ హగణం, గురువు, లఘువు. డాక్టిల్ భగణం, ఆనపెస్ట్ సగణం. నాలుగు నిమిషాల్లో పట్టుబడుతుంది.

పట్టుబడ్డాక వస్తుంది అసలు గొయ్యి. మన గురువు కాలాన్ని కొలుస్తుంది, రెండు మాత్రలు. ఇంగ్లీషు మీటర్ ఊనికను కొలుస్తుంది, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలికాం అని. ఈ రెండూ ఒకటి కాదు. సిటీ అనే మాట తీసుకోండి. మన లెక్కలో సి లఘువు, టీ గురువు, కాబట్టి వగణం. ఇంగ్లీషువాడు ఒత్తేది సిని. వాడి లెక్కలో అది ట్రోకీ. మన లెక్కకు సరిగ్గా తలకిందులు! మనీ కూడా అంతే. మనం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అన్ని అక్షరాలకూ ఇంచుమించు సమానంగా బరువు పెడతాం కాబట్టి చెవికి తేడా తెలియదు.

అందుకే ముందు ఒత్తు వినడం అలవాటు చేసుకోండి. ఇక్కడి ఊళ్ళ పేర్లు ఇంగ్లీషువాడి నోట ఎలా వస్తాయో అనుకోండి. మెడ్రాస్‌లో ఒత్తు రెండో ముక్క మీద, అయాంబ్. గిండీలో మొదటిదాని మీద, ట్రోకీ. టాంబరమ్‌లో మొదటిది బలం, మిగతా రెండూ తేలిక, డాక్టిల్. సందేహం వచ్చిన మాటకు మంచి ఇంగ్లీషు డిక్షనరీలో ఒత్తు గుర్తు చూడండి, ఒత్తిన ముక్కకు ముందు చిన్న నిలువు గీత ఉంటుంది.

ఇప్పుడు ఒక పాదం. నేనే కట్టాను, కవిత్వం కోసం చూడకండి, కొలత కోసం చూడండి: ద ట్రెయిన్ టు బీచ్ విల్ లీవ్ ద స్టేషన్ సూన్. గట్టిగా చదువుతూ బల్ల మీద తట్టండి. తట్టు పడేది ట్రెయిన్, బీచ్, లీవ్, స్టే, సూన్ మీద. ఐదు తట్లు, ప్రతి తట్టుకు ముందు ఒక తేలిక అక్షరం. ద ట్రెయిన్, టు బీచ్, విల్ లీవ్, ద స్టే, షన్ సూన్. ఐదు అయాంబ్‌లు, కనుక అయాంబిక్ పెంటామీటర్. చూశారా, స్టేషన్ అనే మాటను కొలత రెండుగా కోసేసింది. మన గణవిభజన పదాలను కోయదా, ఇదీ అంతే. ఇందులో విల్, షన్ మన లెక్కలో గురువులు, పక్కన పొల్లు ఉంది కాబట్టి. ఇంగ్లీషు లెక్కలో రెండూ తేలికే. ఈ ఒక్క పాదం అర్థమైతే మీటర్‌లో సగం దాటినట్టు.

రోజూ ఇలాంటి పాదం ఒకటి మీరే కట్టండి. చెత్తగా ఉన్నా పరవాలేదు. నా విద్యార్థి ఒకడు మెస్సులో సాంబారు మీద వారం రోజులు అయాంబిక్ పెంటామీటర్ రాశాడు, పాదాన్ని కొలిచి విడదీసే స్కాన్షన్ ప్రశ్నలో వాడికి పూర్తి మార్కులు వచ్చాయి.

బ్లాంక్ వర్స్, ఫ్రీ వర్స్ పక్కిళ్ళ పదాలు. బ్లాంక్ వర్స్‌లో అంత్యప్రాస ఉండదు గానీ అయాంబిక్ పెంటామీటర్ ఉంటుంది. ఫ్రీ వర్స్‌లో కట్టుదిట్టమైన కొలతే ఉండదు, మన వచన కవితలా. ఎన్‌జామ్‌మెంట్ అంటే పాదం అయిపోయినా వాక్యం అయిపోకుండా కింది పాదంలోకి జారడం. మన వృత్తాల్లో ఇది మామూలు, ఒక మాట సగం పై పాదంలో, సగం కింది పాదంలో పడినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంగ్లీషులో కవి దాన్ని కావాలని చేశాడేమో అడగాలి.

సానెట్ అంటే పద్నాలుగు పాదాలు. పెట్రార్క్ పద్ధతిలో ఎనిమిది, ఆరుగా విడుతుంది. షేక్‌స్పియర్ పద్ధతిలో మూడు నాలుగులు, చివర రెండు. ఈ కొలతలు అందరూ రాస్తారు. మార్కులు వోల్టా దగ్గర ఉన్నాయి. వోల్టా అంటే ఆలోచన మలుపు తిరిగే చోటు. పెట్రార్క్ సానెట్‌లో సాధారణంగా తొమ్మిదో పాదం దగ్గర వస్తుంది, షేక్‌స్పియర్ సానెట్లలో చాలాసార్లు చివరి రెండు పాదాల్లో. సీస పద్యం చివర ఎత్తుగీతి రాగానే నడక మారి, మాట ఒక కొలిక్కి వస్తుంది చూడండి, ఆ అనుభవం ఉన్నవాళ్ళకు వోల్టా వివరించక్కర్లేదు. "కానీ", "అయినా" లాంటి మాటలు ఎక్కడున్నాయో వెతికితే మలుపు దొరుకుతుంది.

కథనం, నాటకం

స్టోరీ, ప్లాట్ తేడాను ఇ.ఎం. ఫార్స్టర్ 1927లో చెప్పాడు. ట్రెయిన్ తప్పింది, తర్వాత ఉద్యోగం పోయింది అంటే స్టోరీ. ట్రెయిన్ తప్పినందుకే ఉద్యోగం పోయింది అంటే ప్లాట్. ఒకదాంట్లో వరస ఉంది, రెండోదాంట్లో కారణం ఉంది. ఫ్లాట్, రౌండ్ పాత్రలన్న మాటలూ ఆయనవే.

ఫ్రీ ఇండైరెక్ట్ డిస్కోర్స్ దగ్గర పిల్లలు టెన్షన్ పడతారు, పేరు చూసి. తెలుగు కథలు చదివే అలవాటుంటే ఇది మీకు ఎప్పుడో తెలుసు. "ఆమె గడియారం చూసింది. ఇంకా రాలేదు. రాడు కూడా. ఎప్పుడు వచ్చాడు గనక!" మొదటి వాక్యం రచయితది. చివరి వాక్యం ఎవరిది? ఆమె మనసుది. కానీ "అనుకుంది" అనే మాట లేదు, కొటేషన్ గుర్తు లేదు. రచయిత గొంతులోకి పాత్ర గొంతు చడీచప్పుడు లేకుండా దూరింది. చైతన్య స్రవంతి (స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్) దీనికి పక్కింటిదే గానీ వేరు. అక్కడ మనసులో మెదిలే తలపులు, సగం సగం మాటలు అదుపు లేకుండా పారుతున్నట్టు ఉంటాయి. ఆ పేరు మనస్తత్వ శాస్త్రం నుంచి, విలియం జేమ్స్ 1890 నాటి పుస్తకం నుంచి ప్రచారంలోకి వచ్చింది. 1918లో మే సింక్లెయిర్ దాన్ని నవలకు వాడింది.

నాటకంలో సాలిలక్వీ, ఎసైడ్ రెండింటికీ మనవాళ్ళు స్వగతం అనే రాస్తారు. రంగం మీద ఒంటరిగా ఉండి మనసు విప్పితే సాలిలక్వీ. పక్కన మనుషులున్నా వాళ్ళకు వినబడనట్టు ఒక ముక్క అంటే ఎసైడ్. డ్రమాటిక్ మోనోలాగ్ నాటకంలోది కాదు, పద్యంలోది. ఒక పాత్ర నోరు మెదపని ఇంకొకరితో మాట్లాడుతూ తనకు తెలియకుండానే తన గుట్టు బయటపెట్టుకుంటుంది.

హమార్తియాను దోషం, దుర్గుణం అని అనువదించకండి. ఆ గ్రీకు మాటకు గురి తప్పడం అని అర్థం. పొరపాటు, తప్పుడు అంచనా. ధర్మరాజు చెడ్డవాడు కాదు, జూదానికి పిలిస్తే వెళ్ళాడు, అది ఆయన గురి తప్పిన చోటు. అనగ్నారిసిస్ అంటే తెలియనిది తెలిసిపోవడం, తాను కుంతి కొడుకునని కర్ణుడికి తెలిసిన ఘట్టం లాంటిది.

పేరూ, సంవత్సరమూ ఉన్న పదాలు

కొన్ని పదాలకు పుట్టిన తేదీ ఉంటుంది. లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాయాలనుకునేవాళ్ళు వీటిని వదలకూడదు, అందులో జతపరచండి తరహా ప్రశ్నలు ఇష్టంగా అడుగుతారు. కీట్స్ నెగెటివ్ కేపబిలిటీ (తేలని సందేహాలతోనే స్థిమితంగా ఉండగలగడం) 1817 నాటి ఉత్తరంలోది. కోల్‌రిడ్జ్ విల్లింగ్ సస్పెన్షన్ ఆఫ్ డిస్‌బిలీఫ్ (చదివేటప్పుడు అపనమ్మకాన్ని మనమే పక్కన పెట్టడం) కూడా అదే 1817, కాబట్టి జంటగా గుర్తుంటాయి. రస్కిన్ పథెటిక్ ఫాలసీ 1856. ఇక్కడ పథెటిక్ అంటే దయనీయం కాదు, భావోద్వేగానికి సంబంధించినది అని. మనిషి దుఃఖాన్ని ఆకాశానికి అంటగట్టడాన్ని ఆయన తప్పుబట్టాడు. ఎలియట్ ఆబ్జెక్టివ్ కొరిలేటివ్‌ను 1919 వ్యాసంలో ప్రచారంలోకి తెచ్చాడు. భావాన్ని పేరు పెట్టి చెప్పకుండా, దాన్ని రేపే వస్తువులు, సంఘటనలు అమర్చడం. రససిద్ధాంతంలో విభావం (భావం పుట్టడానికి కారణమయ్యేది) చదివినవాళ్ళు రెండింటినీ పోల్చి రాస్తే పీజీలో మంచి వ్యాసమవుతుంది. ఇంటెన్షనల్ ఫాలసీ (కవి ఉద్దేశాన్ని బట్టే కవితను తూచే పొరపాటు) విమ్సాట్, బియర్డ్‌స్లీలది, 1946. అన్‌రిలయబుల్ నేరేటర్, అంటే మాట నమ్మలేని కథకుడు, వేన్ బూత్ 1961లో పెట్టిన పేరు. పంపకాల పంచాయితీలో "నేనేం అనలేదు" అని మొదలుపెట్టి గంటసేపు చెప్పే మీ పెద్దనాన్నను గుర్తు తెచ్చుకోండి.

జవాబు రాయడం: అయితే ఏంటి?

మళ్ళీ మా మేడమ్ ఎర్ర సిరా దగ్గరకు వద్దాం. ఇదీ నేను కట్టిన లైనే: ద సీ ఎట్ మెరీనా కౌంట్స్ ఇట్స్ స్మాల్ చేంజ్ ఆల్ నైట్. మెరీనాలో సముద్రం రాత్రంతా చిల్లర లెక్కపెట్టుకుంటోంది అని.

పదకొండు మార్కుల నేను ఇలా రాసేవాణ్ణి: ఈ పాదంలో పర్సానిఫికేషన్ ఉంది, మెటాఫర్ ఉంది, దీనివల్ల కవిత ఎంతో అందంగా ఉంది.

రాయాల్సింది ఇలా. లెక్కపెట్టడం మనిషి పని, దాన్ని సముద్రానికి ఇవ్వడం పర్సానిఫికేషన్. అలల పేరెత్తకుండా వాటిని చిల్లర అనడం మెటాఫర్, టెనర్ దాగి ఉంది, వెహికల్ మాత్రమే కనిపిస్తోంది. అంత పెద్ద సముద్రం చేతిలో రూపాయి బిళ్ళలు పెట్టేసరికి దాని దర్జా తగ్గి, ఇసుక మీద పగలంతా సుండల్ (గుగ్గిళ్ళు) అమ్మి రాత్రి రాబడి చూసుకునేవాడి పక్కన వచ్చి కూర్చుంది. స్మాల్, చేంజ్, ఆల్, నైట్ నాలుగూ ఒత్తి పలికే మాటలు వరసగా రావడంతో నడక బరువెక్కి, ఆ లెక్క తెమలనట్టే వినిపిస్తుంది.

పేరు, దాన్ని పుట్టించిన మాట, ఆ మాట చేసిన పని. ఈ మూడూ ఒకే ఊపులో రావాలి. అందంగా ఉంది, అద్భుతంగా ఉంది అనే మాటలు కనిపిస్తే కొట్టేసి, ఆ చోట ఏం జరిగిందో రాయండి. పాదంలో ఐదు అలంకారాలు దొరికినా రెండింటి గురించే రాయండి. మిగతా మూడూ వదలడానికి మనసొప్పదు, తెలుసు. నేను ఇప్పటికీ వదల్లేను.

కార్డులు తిరగేసే వేళ

ఇంట్లో కూర్చుని కార్డులు చూస్తే నిద్ర వస్తుంది. ట్రెయిన్‌లో చూడండి. ఎగ్మూరులో ఎక్కి గిండీలో దిగేలోపు మధ్యలో చెట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబళం, సైదాపేట వస్తాయి. స్టేషన్‌కో కార్డు. బండి కదలగానే ముందు వైపు చూసి, వెనక ఉన్న ఐదూ మనసులో చెప్పుకోండి. బండి ఆగినప్పుడు తిప్పి చూడండి. తప్పు చెప్పిన కార్డు చొక్కా జేబులోకి, సరిగ్గా చెప్పింది సంచిలోకి. మర్నాడు జేబులోవే ముందు. మాంబళంలో జనం తోసుకుని ఎక్కుతారు, అక్కడికి వచ్చేసరికి చేతిలో ఒక్క కార్డే ఉంచుకోండి. నాది సినెక్డకీ కార్డు ఒకసారి ఆ గుంపులో కింద పడిపోయింది. తీసిచ్చిన పెద్దాయన ముందూ వెనకా తిప్పి చూసి, "ఇది మందు పేరా తంబీ?" అని అడిగాడు.